చెప్పులకు మూడు హెచ్చరికలు

నత్తలంక పట్టణంలో శాంతిభద్రతలకు భంగం కలిగించినవి చెప్పులు. మనుషులు కాదు. మనుషులు కలిగించకుండా ప్రభుత్వం అప్పటికే తగిన జాగ్రత్తలన్నీ తీసుకుంది.

సంగతేమిటంటే, ఆ ఊరి శాసనసభ్యులు వరహాలబాబు గారు తిరగలి గుర్తు మీద గెలిచారు. గెలిచిన కొన్నాళ్లకే రోలు గుర్తు పార్టీలోకి దూకారు. అక్కడ ఉక్కపోసిందో ఏమో, నిరుడు కవ్వం గుర్తు పార్టీలోకి గెంతారు. నియోజకవర్గం అభివృద్ధి కోసమేనని రెండుసార్లూ చెప్పారు. మెడలో కండువా మారింది గానీ ఆ ఉపన్యాసం మాత్రం మారలేదు. జనానికి ఒళ్లు మండింది. పార్టీ మారినవాడి పదవి ఆ రోజే ఊడిపోవాలి, మళ్లీ ఎన్నిక పెట్టాలి, వచ్చి మమ్మల్ని మళ్లీ ఓటడగాలి, అలాగని చట్టం మార్చాలి అంటూ ఎమ్మార్వో ఆఫీసు ముందు బైఠాయించారు.

వెంటనే నిషేధాజ్ఞ వచ్చింది. నలుగురికి మించి వ్యక్తులు ఒకచోట గుమిగూడరాదు. జనం లేచి, బట్టలకంటిన దుమ్ము దులుపుకుని, మారుమాట్లాడకుండా ఇళ్లకు పోయారు. ఎస్సై ముత్యాలరావు హాయిగా ఊపిరి పీల్చుకుని ఆ పూట పులసకూర వేసుకుని కడుపునిండా భోంచేశాడు. పాపం, చాలా రోజుల వరకు ఆయన స్థిమితంగా తిన్న ముద్ద అదే.

నత్తలంకలో ఒక అలవాటుంది. యూరియా కొట్టు దగ్గరైనా, రేషను షాపు దగ్గరైనా, ఆధార్ సెంటరు దగ్గరైనా అక్కడి జనం ఎండలో నిలబడరు. వరుసలో చెప్పులు విడిచిపెట్టి, ఎదురుగా ఏదో ఒక అరుగు మీద చేరి కబుర్లు చెప్పుకుంటారు. లోపల ఒకరి పని అయినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి చెప్పులన్నిటినీ కాలితో ముందుకు తోస్తారు. చెప్పు ఉన్నచోట మనిషి ఉన్నట్టే. పొలంగట్టు జానెడు జరిపినందుకు అన్నదమ్ములు కోర్టుకెక్కిన ఊరది. అలాంటి ఊళ్లో కూడా వరుసలో ఉన్న చెప్పును పక్కకు జరిపే సాహసం ఇంతవరకు ఎవరూ చేయలేదు.

మర్నాడు పొద్దున్నే ఎమ్మార్వో ఆఫీసు గేటు నుంచి బస్టాండు దాటి, పాత సినిమాహాలు మలుపు వరకు చెప్పులు బారులు తీరి ఉన్నాయి. మనిషన్నవాడు లేడు. మొదటి జత పక్కన ఒక అట్టముక్క ఉంది. దాని మీద 'మళ్లీ ఎన్నిక పెట్టినప్పుడు ఓటెయ్యడానికి ఇప్పట్నుంచే లైన్లో ఉన్నాం' అని బొగ్గుతో రాసి ఉంది.

ముత్యాలరావు జీపు దిగి చూసి, టోపీ తీసి తల గోక్కుని, డీఎస్పీ చక్రధరరావు గారికి ఫోను చేశాడు.

"సార్, మళ్లీ వచ్చేరండి. అంటే జనం రాలేదండి. చెప్పులొచ్చేయండి."

"చెప్పుల్లో కాళ్లున్నాయా?"

"లేవండి."

"అంటే కాళ్లు పరారీలో ఉన్నాయన్నమాట," అన్నారు డీఎస్పీ గారు. "ముత్యాలరావ్, పరిస్థితి నువ్వనుకున్న దానికంటే తీవ్రంగా ఉంది. నేను రాకుండా ఏ చెప్పు మీదా చెయ్యి వెయ్యకు."

డీఎస్పీ గారు రెండు వ్యాన్ల బలగంతో వచ్చారు. ఆయన చట్టం తెలిసిన మనిషి. గుంపును చెదరగొట్టే ముందు మూడుసార్లు హెచ్చరించాలని చట్టంలో ఉంది. ఆ గుంపుకి చెవులుండాలని మాత్రం ఎక్కడా లేదు. అందుకని మైకు తెప్పించుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"ఇందుమూలముగా ఇచ్చట గుమిగూడిన సమస్త పాదరక్షలకు తెలియజేయునది ఏమనగా, ఈ సమావేశము చట్టవిరుద్ధమైనదిగా ప్రకటించడమైనది. ఐదు నిమిషములలో శాంతియుతముగా చెదిరిపోవలెను."

చెప్పులు కదల్లేదు. రెండో హెచ్చరిక అవుతుండగా ఒక కుక్క వచ్చి ఓ తోలుచెప్పును నోట కరుచుకుని బస్టాండు వైపు పరుగెత్తింది. హెడ్ కానిస్టేబుల్ పుల్లారావు దాన్ని కూడా వదలకుండా రాసుకున్నాడు: 'హెచ్చరికకు స్పందించి ఒకరు స్వచ్ఛందంగా విరమించుకున్నారు.' మూడో హెచ్చరికకు అదీ లేదు.

స్వల్ప లాఠీచార్జి జరిగింది. తోలుచెప్పులు దెబ్బలకు ఓర్చుకున్నాయి. హవాయి చెప్పులు రబ్బరువి గనక ఎగిరెగిరి పడ్డాయి. వాటిలో ఒకటి మరీ పైకెగిరి డీఎస్పీ గారి టోపీని తాకి కింద పడింది. ఎదురుగా కాఫీ హోటలు మెట్ల మీద నలుగురికి మించకుండా కూర్చున్న జనం ముఖాలు పక్కకు తిప్పుకున్నారు.

"విధి నిర్వహణలో ఉన్న అధికారిపై దాడి!" అన్నారు డీఎస్పీ గారు టోపీ సర్దుకుంటూ. "ఈ సెక్షను కూడా కలపండి. అన్నిటినీ అదుపులోకి తీసుకోండి. వరుసలో మొదట నిలబడ్డ జత ఏది? నాయకత్వం అదే. ఆ జత తొడిగే కాళ్లు ఎవరివో తేలాలి. ఆ మనిషే మొదటి ముద్దాయి. బెయిలు రాని కేసు పెట్టి జిల్లా జైలుకి పంపిస్తాను."

ఆ జతను తీసుకురావడానికి ముత్యాలరావు స్వయంగా వెళ్లాడు. వంగి చేత్తో పట్టుకోబోయి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నీలం పట్టీల హవాయి చెప్పులు. ఎడమచెప్పు బొటనవేలి దగ్గర పట్టీ ఊడిపోతే రాగితీగ చుట్టి బిగించి ఉంది. ఆ తీగ చుట్టింది ముత్యాలరావే, కిందటి ఆదివారం, ఇంటి వసారాలో కూర్చుని. కొత్తవి కొనిస్తానంటే వినకుండా పాతవే బాగుచేయించుకున్న మనిషి ఆయన కన్నతల్లి బుల్లెమ్మ.

అరవై దాటిన మనిషి, చక్కెర జబ్బు, జైలుకూడు తిని బతుకుతుందా? డీఎస్పీ గారు చూస్తున్నారని చెప్పులను భద్రంగా సంచిలో వేసి సీలు వేయించాడు.

మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తేసరికి బుల్లెమ్మ పెరట్లో వట్టికాళ్లతో తిరుగుతూ వంకాయలు కోస్తోంది.

"అమ్మా, నీ చెప్పులేవే?"

"లైన్లో ఉన్నాయి కదరా. నువ్వే కదా వ్యాన్లో ఎక్కించుకుపోయేవు. వీధంతా చూసేరు, సిగ్గుతో చచ్చేననుకో."

"నీకెందుకే ఈ గొడవలు? ఆ ఎమ్మెల్యే ఎటు దూకితే మనకేంటి?"

బుల్లెమ్మ వంకాయలు కొంగులో పోసుకుని కొడుకు ముందుకొచ్చింది. "ఏరా, మనకేంటా? ఎలచ్చన్లప్పుడు ఈ గుమ్మంలోనే కూలబడి, అమ్మా నీ కడుపున పుట్టినోణ్ణనుకో అని నా చేతులు పట్టుకున్నాడు. తిరగలి అన్నాడు, తిరగలికేసేను. నేనేసిన ఓటట్టుకెళ్లి ఇంకోడికిచ్చేడు. మళ్లీ వచ్చి నన్నడగాలా వద్దా? నీకిచ్చిన గొలుసు నువ్వెవరికో ఇచ్చేస్తే ఊరుకుంటానా?"

"సరేలే, అడగాలి. ముందు ఈ కొత్త చెప్పులు తొడుక్కో. నీకు పుణ్యముంటాది." దారిలో కొనుక్కొచ్చిన జతను ఆమె కాళ్ల ముందు పెట్టాడు.

బుల్లెమ్మ వాటి వంక చూడను కూడా చూడలేదు. "అవి తొడుక్కుంటే లైన్లోంచి తప్పుకున్నట్టే. తెల్లారకట్టే లేచి మొదటి నంబరు సంపాదించేను. ఆ చెప్పులట్టుకొచ్చి ఎక్కడివి అక్కడ పెట్టు. కూడెడతాను."

ముత్యాలరావు ఆ పూట తినకుండానే స్టేషనుకు పోయాడు.

ఇక అక్కడి నుంచి ప్రభుత్వం పూర్తి స్థాయిలో రంగంలోకి దిగింది. చెప్పులు దొరికాయి గనక చెప్పుల్లేనివాడే నిందితుడని డీఎస్పీ గారు తేల్చారు. 'అనుమానాస్పదంగా వట్టికాళ్లతో సంచరించువారిని' అదుపులోకి తీసుకోవాలని ఉత్తర్వు వెలువడింది. మొదటిరోజు మొక్కుబడికి వట్టికాళ్లతో కొండకు నడిచిపోతున్న భక్తులు దొరికారు. రెండోరోజు ఊడ్పుల్లో ఉన్న రైతులను చేలల్లోంచి పిలుచుకొచ్చారు. వాళ్లు మోకాళ్ల దాకా బురదతో వచ్చి స్టేషనంతా తొక్కి, ఊడ్పుల అదను పోతోందని గోల పెట్టి, చివరికి స్టేషను కడిగించే పని కూడా ముత్యాలరావు నెత్తినే పెట్టి పోయారు. గుడి పూజారి గారిని గర్భగుడిలోంచే తీసుకురాబోతే, ముందు మీ బూట్లు బయట విప్పి రండి అన్నాడాయన. విప్పితే తాము కూడా ఉత్తర్వు పరిధిలోకి వస్తామని గ్రహించి కానిస్టేబుళ్లు వెనక్కి వచ్చేశారు.

అప్పుడు రెండో ఉత్తర్వు వచ్చింది. నాలుగు జతలకు మించి పాదరక్షలు ఏ ప్రదేశంలోనూ గుమిగూడరాదు. దాంతో పెళ్లివారు చెప్పులు చంకలో పెట్టుకుని అక్షింతలు వేశారు. ఐదుగురున్న కుటుంబాల్లో ఒకరి చెప్పులు పక్కింటి గుమ్మంలో పడుకున్నాయి. ఆ పక్కింట్లోనూ నలుగురున్నారనుకోండి, ఆ గొడవలు తీర్చలేక పోలీసుల తలప్రాణం తోకకొచ్చింది.

ఇంతలో పట్టుబడ్డ చెప్పులు స్టేషను లాకప్పును నింపేసి, వరండాలో పోగు పడి, ముత్యాలరావు కుర్చీ కిందికి వచ్చేశాయి. ఆ వాసనకు ఫిర్యాదుదారులు గుమ్మంలోంచే రాజీపడి వెళ్లిపోతున్నారు. పట్టణంలో నేరాలు తగ్గాయని డీఎస్పీ గారు పైకి నివేదిక పంపారు. అంతటితో ఆగకుండా ఉదార హృదయంతో మూడో ఉత్తర్వు కూడా ఇచ్చారు: 'స్వచ్ఛందంగా వచ్చి నేరము అంగీకరించి తమ పాదరక్షలను గుర్తించిన వారికి, మందలించి, సదరు పాదరక్షలను అప్పగించడమగును. మొదటి ముద్దాయికి ఈ మినహాయింపు వర్తించదు.'

నత్తలంక జనం వెర్రివాళ్లేం కాదు. తెల్లవారేసరికి స్టేషను ముందు వట్టికాళ్లతో జాతర. నేరం ఒప్పుకుంటే చెప్పులిస్తారన్న మాట పక్క ఊళ్లకూ పాకింది.

"ఆ తోలువి నాయేనండి," అన్నాడు ఒకాయన, వరుసలో ఏనాడూ చెప్పు పెట్టనివాడు.

"నేరం ఒప్పుకుంటున్నావా?" అన్నాడు పుల్లారావు.

"ఒప్పుకోకేంటండి! అవి కొంచెం బిగుతుగా ఉన్నాయి గానీ, ఆ పక్కనున్నవి ఇప్పిస్తే వాటి నేరం కూడా ఒప్పుకుంటానండి."

నిజంగా చెప్పులు పెట్టినవాళ్లు వచ్చేసరికి వాళ్లవి వేరేవాళ్ల కాళ్లకెక్కి వెళ్లిపోయాయి. వాళ్లు మరొకరివి ఒప్పుకుని తొడుక్కున్నారు. అంగీకరించిన నేరస్థులు ఎక్కువయ్యారు, చెప్పులు తక్కువయ్యాయి. సరిగ్గా అప్పుడు పుల్లారావు వ్యానుతో వెళ్లి మరో పెద్ద గుట్ట తెచ్చి పోశాడు.

"ఎక్కడివయ్యా ఇన్ని?" అన్నాడు ముత్యాలరావు.

"వంతెన పక్కన కొత్త మేడ ముందండి. గుమ్మం నిండా ఇయ్యే. మనిషి లేడండి, లోపలెక్కడో మంత్రాలు వినిపిస్తన్నాయి. నాలుగు జతలకి మించేయండి, ఎత్తుకొచ్చేసేను. ఆర్డరు ఆర్డరే కదండీ."

ముత్యాలరావుకు ఆ మాటలో ఏదో తేడా తగిలింది గానీ ఆలోచించే తీరిక లేకపోయింది. ఎందుకంటే డీఎస్పీ గారు వచ్చి కూర్చుని, మొదటి జతను బల్ల మీద పెట్టించి, గుర్తింపు పరీక్ష మొదలుపెట్టారు. ఎవరి కాలికి సరిపోతే వారే మొదటి ముద్దాయి. ముందుగా ఇడ్లీలమ్మే వీరలచ్చమ్మను నిలబెట్టారు. ఆవిడ పుట్టి బుద్ధెరిగి చెప్పులు తొడిగి ఎరగదు. చెప్పులు ఆవిడ కాళ్లకు అతికినట్టు సరిపోయాయి.

"నేరం రుజువైంది," అన్నారు డీఎస్పీ గారు సంతృప్తిగా. "రిమాండుకి కాగితాలు సిద్ధం చెయ్యండి."

"నాకేం తెలీదు బాబూ! పొయ్యి మీద ఇడ్లీలున్నాయి, మాడిపోతాయి బాబూ!" అని వీరలచ్చమ్మ ఘొల్లుమంది.

గుమ్మం దగ్గర జనం పాయలుగా చీలారు. బుల్లెమ్మ వట్టికాళ్లతో లోపలికి నడిచి వచ్చింది. ముత్యాలరావు కళ్లతోనే వద్దు వద్దని బతిమాలాడు. ఆవిడ కొడుకు వంక చూడలేదు.

"ఆవిణ్ణొగ్గేయండి. ఆ చెప్పులు నాయి."

"ఎవరీవిడ?" అన్నారు డీఎస్పీ గారు.

ముత్యాలరావును సీఐని చేసే ఫైలు ఇదే డీఎస్పీ గారి సొరుగులో ఉంది. ఆవిడెవరో తెలియదని ఒక్క మాటంటే ఫైలు కదులుతుంది. కానీ ఆ వట్టికాళ్ల అంచుల వెంట సిమెంటు రోడ్డు వేడికి లేచిన బొబ్బలు కనిపించాయి.

"మా అమ్మండి సార్," అన్నాడు. "ఆ చెప్పులు మా అమ్మవేనండి. నాకు మొదటిరోజే తెలుసండి. ఆ రాగితీగ కట్టింది నేనేనండి."

డీఎస్పీ గారు కుర్చీలోంచి లేచారు. "అంటే నేరానికి వాడిన సాధనాన్ని ముందుగానే మరమ్మతు చేసి అందించావన్నమాట! నువ్వు రెండో ముద్దాయివి. పుల్లారావ్, ఇద్దరి పేర్లూ రాయి!"

పుల్లారావు కలం తీసి, సార్ వంక చూడలేక, సిరా అయిపోయిందేమోనని దాన్ని విదిలిస్తూ కూర్చున్నాడు.

అప్పుడే బయట సైరను మోగింది. శాసనసభ్యులు వరహాలబాబు గారు పట్టుపంచెతో, నుదుట కుంకుమబొట్టుతో, వట్టికాళ్లతో ఎగిరెగిరి పడుతూ వచ్చారు. వెనక ఎమ్మార్వో గారు, మున్సిపల్ కమిషనరు గారు, ఇద్దరు కాంట్రాక్టర్లు కూడా అలాగే కాలు మార్చి కాలు వేస్తూ వచ్చారు.

"గృహప్రవేశం చేసుకుని బయటికొస్తే గుమ్మంలో ఒక్క చెప్పు లేదు! ఏమయ్యా చక్రధరం, నా చెప్పులు ఎత్తుకెళ్లడానికి నీ వాళ్లకెంత ధైర్యం? నావి నాకిచ్చెయ్యి!"

పుల్లారావుకు పాపం రూలు తప్ప మరొకటి తెలియదు. కలం సరిచేసుకుని చక్కగా అడిగాడు. "తమరు నేరం ఒప్పుకుంటున్నారాండి?"

డీఎస్పీ గారి ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. గుమిగూడిన చెప్పులు, వట్టికాళ్ల సంచారం, స్వయంగా వచ్చి నావేనని అంగీకారం. తాను సంతకం చేసిన మూడు ఉత్తర్వులూ ఎమ్మెల్యే గారికి కొలిచి కుట్టించినట్టు సరిపోతున్నాయి. బుల్లెమ్మ మీద కేసు నిలవాలంటే ఈయన మీదా నిలవాలి. అటు కొత్త ముద్దాయి దర్జాగా బల్ల దగ్గరికి తోసుకుంటూ వస్తున్నారు.

"లైన్లో రా బాబూ," అంది బుల్లెమ్మ, దారికడ్డంగా నిలబడి. "నా ఎనకాల ఇంతమంది ఉన్నారు. మధ్యలో దూకకూడదు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత స్టేషనంతా ఘొల్లున నవ్వింది. లాకప్పులో చెప్పులు సర్దుతున్న కానిస్టేబుళ్లు కూడా గోడకు తిరిగి నవ్వుకున్నారు. వరహాలబాబు గారు ఇటు చూశారు, అటు చూశారు. దూకడానికి ఎటూ సందు లేక, వెళ్లి ఇడ్లీల వీరలచ్చమ్మ వెనకాల నిలబడ్డారు.

డీఎస్పీ గారు నుదురు తుడుచుకుని ప్రకటన చేశారు. "పట్టణంలో వివిధ ప్రదేశాల్లో దొరికిన పాదరక్షలను మానవతా దృక్పథంతో యజమానులకు అప్పగించే కార్యక్రమంలో భాగంగా ఈ సభ... ఈ వరుస... ఏర్పాటు చేయడమైనది. కేసులేమీ లేవు. ముందునుంచీ లేవు."

వరహాలబాబు గారి వంతు వచ్చేసరికి ఆయన ఖరీదైన జోళ్లను ఎవరో నేరం ఒప్పుకుని తొడుక్కుపోయారు. మిగిలినవాటిలో వెతికి వెతికి రెండు చెప్పులు తొడుక్కున్నారు. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. రెండూ ఎడమకాలివే. కారు దాకా ఆయన నడక చూడ్డానికి నత్తలంక యావత్తూ, నలుగురికి మించి, రోడ్డు మీద గుమిగూడింది.

బుల్లెమ్మ తన చెప్పులు కాళ్లకు తొడుక్కోలేదు. చేత్తో పట్టుకుని తిన్నగా ఎమ్మార్వో ఆఫీసుకు నడిచింది. ముత్యాలరావు వెనకే వెళ్లాడు. అక్కడ చూస్తే వరుస మళ్లీ పెట్టేశారు. మొదటి స్థానంలో ఎవరివో కొత్త ప్లాస్టిక్ చెప్పులున్నాయి.

"ఇది నీ నంబరు కదమ్మా! జరిపించనా?" అన్నాడు ముత్యాలరావు పౌరుషంగా.

"వద్దు. లైన్లోంచి తీసేక మళ్లీ చివరకెళ్లాల్సిందే. రూలు రూలే." బుల్లెమ్మ కొడుకును కొరకొర చూసింది. "నీ మూలంగా మొదటి నంబరు పోయింది. నోరు మూసుకుని రా."

వరుస చివర వెతుక్కుంటూ తల్లీకొడుకులు నడిచారు. బస్టాండు దాటారు, పాత సినిమాహాలు దాటారు, కాలవ వంతెన దాటారు. వరుస ఊరంతా చుట్టి చుట్టి తిరిగి పోలీసు స్టేషను మెట్ల దగ్గరికే వచ్చి ఆగింది. బుల్లెమ్మ అక్కడ తన నీలం చెప్పులను పక్కపక్కనే సరిగ్గా సర్ది, చీర కుచ్చిళ్లు దులుపుకుని, అన్నం చల్లారిపోతోంది త్వరగా రమ్మని చెప్పి వెళ్లిపోయింది. ముత్యాలరావు ఆ చెప్పుల పక్కన మెట్టు మీద కూర్చుని తన బూట్ల వంక చూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే డీఎస్పీ గారు ఫోను చేశారు.

"ముత్యాలరావ్, ఆ వరుస ఇంకా ఉందని విన్నాను. మొదట ఎవరున్నారో ఈసారి అనవసరం. చివర ఉన్నవాణ్ణి పట్టుకుంటే అక్కడి నుంచి విప్పుకుంటూ పోవచ్చు. చివర ఎవరున్నారు?"

ముత్యాలరావు అలవాటు కొద్దీ లేచి నిలబడి సెల్యూట్ చేశాడు. వట్టికాళ్లకు గచ్చు చల్లగా తగిలింది.

"ప్రస్తుతానికి నేనేనండి సార్."